ఫిరంగి గుండా? మిల్లు గుండా?

హనుమాన్ జంక్షన్ ఎరుగనివారు కృష్ణా డెల్టాలో అరుదు. పడమట విజయవాడ, తూర్పున ఏలూరు, ఉత్తరమున నూజివీడు, దక్షిణమున గుడివాడ మీదుగా బందరు. ఈ బాటలన్నియు అక్కడ కలిసికొనును. ఆంజనేయస్వామి గుడి వలన ఆ కూడలికి ఆ పేరు వచ్చినది. నాలుగు బాటలు కలిసినచోట నాలుగు దిక్కుల పాత ఇనుమును చేరుట సహజమే గదా! అరిగిన నాగటి కర్రులు, పాత రైసుమిల్లుల చక్రములు, లారీల పట్టీలు, పడగొట్టిన ఇండ్ల కిటికీ ఊచలు, ఒకటేమిటి, ఇనుమన్నది ఏ రూపమున పుట్టినను తుదకు అక్కడి కాటా ఎక్కవలసినదే.

కొంతకాలము క్రిందట నేను బస్సు కొరకు వేచియుండి, ప్రొద్దుపోక అట్టి పాత ఇనుము కొట్టులోనికి తొంగిచూచితిని. నేను బడిలో చరిత్ర పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. కొట్టు యజమాని నన్ను ఎరుగును. గోనెసంచి తొలగించి, తుప్పుపట్టిన ఇనుప గుండు ఒకటి నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇది బందరు కోట గుండు. ఇంగ్లీషోళ్ళు ఫ్రెంచోళ్ళ మీద పేల్చింది. మీరు కాబట్టి అయిదు వేలు" అన్నాడు.

ఆ మాట వినగానే నవ్వి కొట్టివేయదగినది కాదు. బందరులో డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను వర్తకశాలలు పెట్టిరి. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారిని ఓడించిన కర్నల్ ఫోర్డు రాజమహేంద్రవరము, ఏలూరు మీదుగా వచ్చి, 1759 మార్చిలో బందరు కోటను ముట్టడించెను. లోపల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు. వెలుపల, బెజవాడ వైపున, ఫ్రెంచివారికి సాయముగా వచ్చిన సలాబత్ జంగు సైన్యము. కోట చుట్టును బురద. ఇంగ్లీషువారి ఫిరంగులకు రెండు దినములకు చాలునంత మందు మాత్రమే మిగిలినదని తెలిసి, ఫోర్డు ఏప్రిల్ 7వ తేదీ రాత్రి తెగించి కోటపై బడెను. తెల్లవారునప్పటికి కోట వశమైనది. అన్ని దినములు ఇరుపక్షములును కాల్చిన గుండ్లలో కొన్నియైనను ఆ బురదలో దిగబడియుండుట సహజము. విజయవాడకు పడమట కొండపల్లి దుర్గమును 1766లో ఇంగ్లీషువారు పట్టుకొనిరి. కనుక ఈ ప్రాంతమున నిజమైన ఫిరంగి గుండు దొరకుట వింత కాదు. దొరకిన ప్రతి గుండును ఫిరంగి గుండే యనుకొనుటయే పొరపాటు.

నేను కొట్టులో ఒక దారము అడిగి తీసికొని, గుండు నడుముకు చుట్టి, టేపుతో కొలిచితిని. చుట్టుకొలత 28 సెంటీమీటర్లు. దానిని 3.14 చేత భాగించినచో అడ్డుకొలత 8.9 సెంటీమీటర్లు. నా గుండె ఒక్కసారి వేగముగా కొట్టుకొన్నది. ఏలయన, ఆనాటి ఇంగ్లీషువారి 6 పౌన్ల ఫిరంగి గుండు అడ్డుకొలత సరిగా అంతయే.

ఇక్కడ ఒక సంగతి మనవి చేయవలెను. ఇంగ్లీషువారు తమ ఫిరంగులకు గుండు బరువునుబట్టి పేరు పెట్టిరి. 6 పౌన్ల ఫిరంగి యనగా 6 పౌన్ల గుండును కాల్చునది. పోత ఇనుప గుండు బరువు తెలిసిన దాని పరిమాణమును, పరిమాణము తెలిసిన దాని బరువును చెప్పవచ్చును. 9 పౌన్ల గుండు అడ్డుకొలత సరిగా 4 అంగుళములు. ఈ ఒక్క లెక్క జ్ఞాపకముంచుకొన్నవారు తక్కినవి తామే కట్టుకొనవచ్చును. అడ్డుకొలత రెట్టింపైన బరువు ఎనిమిది రెట్లగును. లెక్కలు విసుగైనవారు కాగితము తీసికొని వ్రాసికొనుడు: 3 పౌన్ల గుండు 7 సెంటీమీటర్లు, 1.36 కిలోలు. 6 పౌన్లది 8.9 సెంటీమీటర్లు, 2.72 కిలోలు. 9 పౌన్లది 10.2, 4.08 కిలోలు. 12 పౌన్లది 11.2, 5.44 కిలోలు. 18 పౌన్లది 12.8, 8.16 కిలోలు. 24 పౌన్లది 14.1, దాదాపు 10.9 కిలోలు. ఫ్రెంచివారి పౌను కొంచెము పెద్దది, సుమారు 489 గ్రాములు. వారి ఫిరంగులు 4, 8, 12, 16, 24 పౌన్ల వరుసలో ఉండెడివి. కనుక ఫ్రెంచి గుండు ఈ పట్టీకి కొద్దిగా తప్పినను కంగారుపడ నక్కరలేదు.

సరే, గుండును కాటా మీద పెట్టించితిని. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు తూగినది.

"చూశారా, పైగా బరువు ఎక్కువే ఉంది!" అని యజమాని సంతోషించెను. వచ్చిన చిక్కంతయు ఆ ఎక్కువలోనే ఉన్నది. పోత ఇనుము తనంత నీటికన్న ఏడు రెట్లకు కొంచెము పైగా తూగును. ఉక్కు 7.8 రెట్లు తూగును. 8.9 సెంటీమీటర్ల పోత ఇనుప గుండు క్రొత్తదైనను 2.7 కిలోల చెంతనే ఆగవలెను. మీదుమిక్కిలి 260 ఏండ్లు బందరు ఉప్పునేలలో పడియున్న గుండు కొంత ఇనుమును మట్టికి అప్పగించియే ఉండును. పాత గుండు తన పరిమాణమునకు తగినదానికన్న తక్కువ తూగవలెను గాని, ఎక్కువ తూగరాదు. ఎక్కువ తూగినదనగా అది పోత ఇనుము కాదు, సాగగొట్టిన ఉక్కు. ఫోర్డు నాటికి ఉక్కుతో ఫిరంగి గుండ్లు చేయుట లేదు.

మరి అదేమి? సిమెంటు ఫ్యాక్టరీ గుండు. జగ్గయ్యపేట ప్రాంతమున సున్నపురాయి విస్తారముగా నున్నందున అక్కడ సిమెంటు కర్మాగారములు వెలసినవి. సిమెంటును మెత్తగా పొడిచేయుటకు బాల్ మిల్లు అను యంత్రము కలదు. అది అడ్డముగా పరుండబెట్టిన పెద్ద ఉక్కు పీపా. అందు వేలకొలది గుండ్లు పోసి త్రిప్పుదురు. గుండ్లు పైకెక్కి జారిపడుచు నడుమ చిక్కిన పదార్థమును నలుగగొట్టును. మొదటి అరలో పెద్ద గుండ్లు, సాధారణముగా 90 మిల్లీమీటర్ల వరకు. తరువాతి అరలో చిన్నవి, 20 మిల్లీమీటర్లకు లోబడినవి కూడ ఉండును. లోహపు ఖనిజములు నూరు మిల్లులలో 100 మిల్లీమీటర్లు, అంతకు మించినవియు వాడుదురు. క్రొత్త 90 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సుమారు 3 కిలోలు. కొంచెము అరిగినచో మా గుండు కొలతయే! అరిగిన గుండ్లను ఏరి పాత ఇనుము క్రింద అమ్మివేయుదురు. అవి లారీ లెక్కి, ఒక వర్షాకాలము బయట తడిసినంతనే రెండు శతాబ్దముల వయస్సు తెచ్చుకొనును. 9 పౌన్ల ఫిరంగి గుండుకును 100 మిల్లీమీటర్ల మిల్లు గుండుకును అడ్డుకొలతలో భేదము రెండు మిల్లీమీటర్లే. తూకము రెంటికిని 4.1 కిలోల దరిదాపే. కంటితో చూచి చెప్పెదననువాడు జ్యోతిషము చెప్పుచున్నాడనుకొనవలెను.

అచ్చు గుర్తుల మాటకు వత్తును. ఈ విషయమున నాకు గురువు విజయవాడ ఆటోనగరులో పోతపని చేయు ఒక మోల్డరు. నేను పుస్తకములు చదివి తెలిసికొనలేనిది అతడు బొటనవ్రేలితో తడిమి చెప్పగలడు. పాత ఫిరంగి గుండును రెండు సగముల అచ్చులో పోసెడివారు. కనుక దాని నడుముచుట్టు సన్నని అతుకు గీత ఉండవచ్చును. కరిగిన ఇనుము పోసిన చోట, తెగగొట్టిన తొడిమ గుర్తువలె, గుండ్రని చదును మచ్చ కనబడును. "అయితే మాస్టారూ, మా మిల్లు గుండ్లు కూడా పోత పోసేవి ఉన్నాయి. వాటికీ గీత ఉంటుంది, తొడిమ ఉంటుంది. గీత చూసి మోసపోకండి" అని హెచ్చరించినాడు. అతడు చెప్పిన మరియొక గుర్తు నాకు ఎక్కువ ఉపయోగపడినది. మిల్లులో తిరిగిన గుండు నిండు గుండ్రముగా నుండదు. అక్కడక్కడ నున్నని చదునులు పడి, అరిగిన సబ్బుబిళ్ళ తీరున ఉండును. దారము మూడు దిక్కుల చుట్టి కొలిచినచో ఆ తేడా బయటపడును. ఫిరంగి గుండు ఫిరంగి గొట్టములో సాఫీగా దొరలవలెను గనుక, తుప్పు తినిన భాగము విడిచి, ఏ వైపు కొలిచినను ఇంచుమించు ఒకటే రావలెను.

కాని ఈ సూత్రమును గట్టిగా పట్టుకొన్నచో మన సొంత గుండ్లను మనమే త్రోసివేసినవారమగుదుము. మన దేశపు కొలుములలో సాధారణముగా ఇనుము కరగి నీరగునంత వేడి పుట్టెడిది కాదు. ముద్దగా తీసి, సమ్మెటతో కొట్టి రూపు తెచ్చెడివారు. అట్టి గుండ్ల మీద సమ్మెట దెబ్బల పలకలు ఉండును. పూర్తిగా గుండ్రముగా నుండవు, ఇంగ్లీషు పట్టీకి సరిపడవు. 17వ శతాబ్దమున డచ్చివారు ఈ కోరమాండల్ తీరమునుండి బట్టలతోపాటు ఇనుము, ఉక్కు, మేకులు, ఫిరంగి గుండ్లు కూడ ఓడలకెత్తించి తీసికొనిపోయెడివారు. అనగా తెలుగు కమ్మరి కొట్టిన గుండు సముద్రము దాటి ఎక్కడనో యుద్ధము చేసినదన్నమాట. కావున పలకలున్న గుండు కనబడినచో వెంటనే మిల్లు గుండని తీర్పు చెప్పరాదు. మిల్లు అరగదీసిన పలక నున్నగా మెరయును. సమ్మెట పలక గరుకుగా, చిన్నదై, పొరలుపొరలుగా తుప్పుపట్టి ఉండును. ఇట్టివి దొరకినప్పుడు ఎరిగినవారికి చూపవలసినదే.

మిల్లు గుండ్లే కాక మోసగించు చుట్టములు మరికొన్ని కలవు. ఒకప్పుడు రైసుమిల్లులు ఆవిరి యంత్రములతో నడచునప్పుడు, వేగమును అదుపుచేయు గవర్నరుకు రెండు ఇనుప గుండ్లు గిరగిర తిరుగుచుండెడివి. కడ్డీ దూర్చుటకు వాటికి ఆరపార రంధ్రముండును. జమీందారీ మేడల గేటు స్తంభములమీది గుండ్లకు అడుగున విరిగిన కాడ ఉండును. తాలింఖానాలో ఎత్తిన సంగిడి గుండ్లును ఫిరంగి గుండ్లుగా చెలామణి అగుచున్నవి. పెద్ద బేరింగుల గుండ్లు అద్దమువలె నునుపు. వీటన్నిటిని మించినది బడిపిల్లల షాట్‌పుట్ గుండు. 12 పౌన్ల షాట్‌పుట్‌ను గట్టి పోత ఇనుముతో చేసినచో అది తూకమునను కొలతనుగూడ 12 పౌన్ల ఫిరంగి గుండే! ఇక్కడ కాటాయు దారమును రెండును ఓడిపోవును. లేతు మీద త్రిప్పిన సన్నని వలయపు గీతలు, బరువు సరిచేయుటకు తొలిచి నింపిన సీసపు బిరడా, చెక్కిన అంకెలు, వీటికొరకు వెదకవలెను. ఇక గోలీకాయ మొదలు నిమ్మకాయ వరకు గల చిన్న గుండ్ల మాట. ఒకేసారి గుప్పెడుగా కాల్చు గుండ్లు ఆ పరిమాణముననే ఉండెడివి, మిల్లు గుండ్లలో అధికభాగమును ఆ పరిమాణమే. ఎక్కడ దొరకినదో సాక్ష్యము లేని చిన్న గుండును ఫిరంగి గుండని నేను ఒప్పుకొనను.

అయస్కాంతము అంటుకొన్నది గనుక పాతదే యని కొందరు వాదింతురు. అయస్కాంతమునకు చరిత్రతో పనిలేదు. ఇనుమైన చాలును.

ఇంతవరకు చెప్పినది డబ్బుకు సంబంధించిన జాగ్రత్త. ప్రాణమునకు సంబంధించినది ఇక చెప్పెదను. దయచేసి శ్రద్ధగా వినుడు.

ఆనాడే ఆ కొట్టులో మరియొక గుండు కనబడినది. కుర్రవాడు దానిని అప్పటికే కాటా మీద పెట్టియుండెను. 7 కిలోలు. నేను ఉత్సాహములో దారము చుట్టితిని. 44 సెంటీమీటర్లు, అనగా అడ్డుకొలత 14. ఆ పరిమాణపు గట్టి గుండు పదిన్నర కిలోలు తూగవలెను. మూడున్నర కిలోల ఇనుము ఏమైనట్లు? గుండును కదపకుండ వంగి చూడగా ఒకచోట రూపాయి బిళ్ళంత గుండ్రని మచ్చ, దానినిండ తుప్పుమట్టి. అది ఆరపార రంధ్రము కాదు. నా చేతులు చల్లబడినవి. ఇరువది అడుగుల దూరమున ఒకడు గ్యాసు మంటతో లారీ చాసిస్ కోయుచున్నాడు.

మోర్టారు అను పొట్టి ఫిరంగులతో బోలు గుండ్లను కాల్చెడివారు. లోపల నల్లమందు నింపి, రంధ్రమున వత్తి బిగించి, కోటగోడ మీదుగా లోపలికి విసరెడివారు. అయిదున్నర అంగుళముల బోలు గుండు దాదాపు 14 సెంటీమీటర్లు, సుమారు 7 కిలోలు. అన్నియు పేలెడివి కావు. వత్తి మధ్యలో ఆరిపోయినవి మందుతోనే మట్టిలో కూరుకొనెడివి. నల్లమందు ఏండ్లు గడచినంత మాత్రమున చచ్చిపోదు. పొడిగా ఉండినచో శతాబ్దముల తరువాతనైనను నిప్పురవ్వకు అంటుకొనును. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున 2008లో, ఇట్టి గుండ్లను ఎన్నో ఏండ్లుగా సేకరించి శుభ్రపరచుటలో చేయి తిరిగిన ఒకాయన, తన ఇంటి ముంగిటనే గుండు పేలి మరణించెను. అది అమెరికా అంతర్యుద్ధకాలపు గుండు. అప్పటికి దాని వయస్సు దాదాపు నూటయేబది సంవత్సరములు.

నేను యజమానితో, "ముందు ఆ గ్యాసు ఆర్పించు బాబూ, తరువాత మాట్లాడుకుందాం" అంటిని. అతడు నా ముఖము చూచి మారు మాటాడలేదు. అందరమును దూరముగా రోడ్డు మీదికి వచ్చి పోలీసులకు ఫోను చేసితిమి. వారు ఎరిగినవారిని పిలిపించి, ఇసుక బస్తాల నడుమ దానిని తీసికొనిపోయిరి. లోపల ఏమున్నదో నాకు తెలియదు. తెలిసికొనవలెనన్న కోరికయు లేదు.

కాబట్టి గుండుకు రంధ్రమో, బిరడా వంటి మచ్చయో ఉన్నను, పరిమాణమునకు తగినంత బరువు లేదని అనుమానము కలిగినను, దానిని కదపరాదు, తట్టరాదు, కడుగరాదు, గీకరాదు, ఎండబెట్టరాదు. మ్రోత వినుటకు సుత్తితో కొట్టుట, రవ్వ చూచుటకు సాన పట్టుట వంటి పరీక్షలు కొందరు చెప్పుదురు. ఏ గుండుకును అవి వలదు. తుప్పు రంధ్రమును కప్పివేయును గనుక, కనబడనంత మాత్రమున లేదనుకొనరాదు. దూరముగా జరిగి 112కు ఫోను చేయవలెను.

గట్టి గుండే యని తేలిన పిమ్మట దానిని మెరుగుపెట్టవలెనను కోరిక పుట్టును. దానిని అణచుకొనుడు. ఉప్పునేలలోను సముద్రములోను నానిన పోత ఇనుమునుండి ఇనుము కరగిపోయి, నల్లని సీసపుకడ్డీ పదార్థము, అదే గ్రాఫైటు, గుండు ఆకారముననే మిగిలియుండును. గోటితో గీసినను చారపడును. ఎండలో పెట్టిన కొలదిదినములకే ఉప్పు పని మొదలిడి, ఉల్లిపొరలవలె ఊడిపోవును. అట్టి దానిని నీడను తడిగుడ్డలో చుట్టి, పురావస్తు శాఖవారికి అప్పగించుట మేలు. విజయవాడ బందరు రోడ్డులోని మ్యూజియము, ఒకనాటి విక్టోరియా జూబిలీ మ్యూజియము, నేటి బాపు మ్యూజియము, అందరికిని తెలిసినదే.

ఈ వస్తువులకు చట్టము కూడ కలదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దొరకిన విలువగల వస్తువు పది రూపాయలు మించినచో కలెక్టరుకు తెలుపవలెను. 1972 నాటి ప్రాచీన వస్తువుల చట్టము ప్రకారము, నూరేండ్లు దాటిన ఇట్టి వస్తువులతో వ్యాపారము చేయుటకు లైసెన్సు కావలెను. ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపుట నిషిద్ధము. అయినను నేను చట్టముకన్న ముందు ఒక మాట అడుగుదును. ఎక్కడ దొరకినది? పొలము త్రవ్వుచుండగనా, కాలువ పూడిక తీయుచుండగనా, ఎంత లోతున, ప్రక్కన ఏమున్నది? కోటగోడ ప్రక్క మట్టిలో నున్న గుండు ఏ దిక్కునుండి కాల్చినారో చెప్పగలదు. అదే గుండు కాటా ఎక్కిన తరువాత ఉత్త ఇనుమగును. తీయకముందే ఒక ఫొటో తీసి, చోటు వ్రాసియుంచినచో ఆ సాక్ష్యము నిలుచును. కొట్టు యజమానిని ఈ ప్రశ్న అడుగగా, "లారీలో వచ్చింది మాస్టారూ" అన్నాడు. ఏ లారీ యో అతనికే తెలియదు. బందరు కోట పేరు అతడు ఎవరినోట వినియుండును. మోసపుచ్చవలెనని చెప్పినాడనుకొనను. తానును నమ్మినాడు.

చివరకు ఆ మిల్లు గుండును నేను కొన్నాను, కిలో ధరకే. ఇప్పుడు నా బల్లమీద ఉన్నది. ఇంటికి వచ్చిన పిల్లలు దానిని ఎత్తి, "తాతగారూ, ఇది ఫిరంగి గుండా?" అని అడుగుదురు. నేను దారము, స్కేలు, వంటింటి త్రాసు వారి ముందు పెట్టి, "మీరే చెప్పండి" అందును.